తేలినవన్నీ శవాలు కావు

"ప్రమాదమే అక్కా, అనుమానం లేదు. రిపోర్టు కూడా రాసేశాను. మీరింక ఇంటికెళ్ళి రెస్ట్ తీసుకోండి."

ఈ మాటన్నది ఇన్‌స్పెక్టర్. డిపార్ట్‌మెంటులో అందరూ అతన్ని 'మంగళం' అంటారు. ఏ కేసు చేతికిచ్చినా మధ్యాహ్నం భోజనం వేళకల్లా మంగళం పాడేస్తాడు కనుక. ఒకప్పుడు నా కింద పనిచేసినవాడే. నేను ఉద్యోగం వదిలేసి సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్నాక నా కుర్చీలో కూర్చున్నాడు. అప్పట్నుంచీ నన్ను 'అక్కా' అని పిలుస్తున్నాడు. ఆ ఒక్క పిలుపులో ఎంత వెటకారం దట్టిస్తాడో వింటే గానీ తెలియదు.

"నా రెస్ట్ సంగతి నేను చూసుకుంటాను. గుమ్మానికి అడ్డం లే."

అతను కదల్లేదు. నాకు ఒళ్ళు మండింది. భుజంతో తోసుకుని లోపలికి వెళ్ళాను.

ఆస్పత్రి పై అంతస్తులో పరిశోధన ల్యాబ్. దాని చివర నాలుగడుగులు వేస్తే అయిపోయేంత గది. కిటికీ లేదు. మధ్యలో నడుమెత్తు స్టీలు ట్యాంకు, అందులో ద్రవ నైట్రోజన్. మనిషి కణాల్ని చిన్న ట్యూబుల్లో పెట్టి అందులో ముంచితే ఏళ్ళ తరబడి చావకుండా గడ్డకట్టి ఉంటాయట. అదే ద్రవం బయట ఒలికితే చూస్తుండగానే ఆవిరై గదంతా నిండుతుంది. వాసనుండదు, రంగుండదు, దగ్గు రాదు. ఉన్న గాలిని మాత్రం బయటికి నెట్టేస్తుంది. లోపలున్న మనిషికి కాస్త కళ్ళు తిరుగుతాయి, అంతే. మళ్ళీ లేవడం ఉండదు.

నిన్న రాత్రి అందరూ ఇళ్ళకి వెళ్ళాక ఈ గదిలోనే ల్యాబ్ అమ్మాయి చచ్చిపోయింది. పరిశోధన చేసే పిల్ల, ముప్ఫై ఏళ్ళు కూడా నిండలేదు. పొద్దున తలుపు తీసిన ప్రొఫెసర్‌కి బోర్లా పడి కనిపించింది. పక్కనే నైట్రోజన్ మోసే క్యాను ఒరిగిపోయి ఉంది.

"చూశారుగా," అన్నాడు మంగళం నా వెనకే వచ్చి. "ట్యాంకు నింపబోయింది, క్యాను చెయ్యి జారింది, తలుపేమో మూసుంది. ఇందులో బుర్ర బద్దలు కొట్టుకోవడానికి ఏముంది?"

నేను మోకాళ్ళ మీద కూర్చుని క్యాను పడిన చోట నేలని అరచేత్తో రాశాను. ప్లాస్టిక్ షీటు పరిచిన నేల. నున్నగా ఉంది, గీత కూడా పడలేదు. ట్యాంకు చుట్టూ అంతే. అలాగే జరుగుతూ గుమ్మం దాకా వచ్చాను. అక్కడ షీటు పెచ్చులు పెచ్చులుగా పగిలి ఉంది. ఆ పగుళ్ళు గదిలో మొదలవలేదు. బయట కారిడార్లో మొదలై తలుపు కింది సందులోంచి లోపలికి పాకాయి.

"ఇలా రా. దీన్నేమంటావ్?"

"పాత బిల్డింగ్ అక్కా. నేల పగలదా?"

"పాత పగులైతే తడిగుడ్డ పెట్టినప్పుడల్లా మురికి చేరి నల్లబడుతుంది. ఈ అంచులు చూడు, ఎలా తెల్లగా ఉన్నాయో. ఇవి కొత్తవి. ఆ ద్రవం పడితే ప్లాస్టిక్ పెళుసెక్కి పగిలిపోతుంది. నువ్వేమో లోపల ఒలికిందంటావు, నేలేమో బయట పగిలింది. ఎలా?"

అతను వంగి చూశాడు.

"పిల్ల లోపలుండగా ఎవడో బయట గడియ పెట్టాడు. క్యాను తెచ్చి తలుపు కిందినుంచి పోశాడు. అంతా అయ్యాక తలుపు తీసి, ఖాళీ క్యాను ఆమె పక్కన పడేసి పోయాడు. దీన్ని ప్రమాదమని రాయడానికి నీకు చెయ్యెలా వచ్చింది?"

"కందకి లేని దురద కత్తిపీటకెందుకు? వాళ్ళ అమ్మానాన్నలే ప్రమాదమని ఒప్పుకున్నారు."

"ఒప్పుకున్నారా, నువ్వు ఒప్పించావా?"

అతను మొహం తిప్పుకున్నాడు. నాకు జవాబు దొరికింది.

నన్ను ఈ గొడవలోకి లాగింది మా ఆఫీసు కింద బట్టలు కుట్టే షాపు నడిపే టైలర్. పొద్దున్నే ఏడుస్తూ మెట్లెక్కి వచ్చింది. ఆమె చెల్లెలు ఈత టీచరు. పిల్లలకి ఈత నేర్పే మనిషికి తలలో కణితి. ఒకసారి ఆపరేషనయింది, రేడియేషన్ కరెంటు పెట్టారు, మందులు వాడారు. ఏడాది తిరక్కుండా మళ్ళీ పెరిగింది. ఈ మధ్యాహ్నం రెండో ఆపరేషను. తల తెరిచి, కణితి తీసి, ఆ ఖాళీలో మందు పెట్టి మూసేస్తారు. ఏ మందు పెట్టాలన్నది ఈ ల్యాబ్ తేల్చాలి. తేల్చాల్సిన అమ్మాయే చచ్చిపోయింది.

"నిన్న సాయంత్రం ఏడు దాటాక ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుందక్కా," అంది టైలర్. "రేపు నేనొచ్చి మాట్లాడేదాకా ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టకండి అంది. ఎందుకమ్మా అంటే, ఇంకొకరితో మాట్లాడి చెప్తానంది. తెల్లారేసరికి లేదు. నాకున్నది అదొక్కతే చెల్లెలు. సంతకం పెట్టమంటారా, వద్దంటారా?"

"నేను చెప్పేదాకా కలం ముట్టుకోకు," అన్నాను. ఆమెని నాతోనే ఆస్పత్రికి తీసుకొచ్చాను. ఇప్పుడు కింద వార్డులో చెల్లెలి పక్కన కూర్చుంది.

మంగళంతో నేను ఇలా వాదులాడుతుండగానే సర్జన్ వచ్చాడు. చెల్లెలికి మొదటి ఆపరేషన్ చేసింది ఆయనే, ఈ మధ్యాహ్నం చెయ్యబోయేదీ ఆయనే. నెరిసిన జుట్టు, మెత్తటి గొంతు. గుమ్మం దగ్గర ఆగి, లోపలికి చూసి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"మా అమ్మాయి ఈడుదమ్మా," అన్నాడు నాతో. "ఎంత తెలివైన పిల్లో!"

"డాక్టరుగారూ, నాకు తెలిసేలా ఒక్క ముక్క చెప్పండి. ఈమె ఇక్కడ చేస్తున్న పనేమిటి?"

ఆయన విసుక్కోలేదు. "తోటలో తుంగ పీకారా ఎప్పుడైనా? పైన ఎంత కోసినా భూమిలో గడ్డ ఉంటే మళ్ళీ మొలుస్తుంది. మెదడు కణితిలోనూ అలాంటి గడ్డలుంటాయి. మూలకణాలంటాం. వందలో ఏ ఒకటో రెండో ఉంటాయి. కరెంటుకీ చావవు, మందుకీ చావవు. మిగతా కణితంతా వాటి పిల్లలే. ఏ మందుకి ఆ మూలకణాలు చస్తాయో ముందే ఫ్లాస్కులో పెంచి చూడాలి. అదే ఆమె పని."

"మరి చూసిందా?"

"పొద్దున ప్రొఫెసర్‌గారు స్వయంగా చూశారు. కొత్త కంపెనీ మందు బ్రహ్మాండంగా పనిచేసిందట. ఇంక ఆలస్యం చెయ్యకూడదు. ఆ టైలరమ్మకి మీరొక మాట చెప్పండి, పాపం భయపడుతోంది." ఆయన నా వైపు చేతులు జోడించి కిందికి వెళ్ళాడు. ఆ అంతస్తులో నాకు కోపం తెప్పించని మనిషి ఆయనొక్కడే.

తర్వాత ప్రొఫెసర్ దగ్గరికి వెళ్ళాను. ల్యాబ్‌కి పెద్ద. తన గదిలో టీ తాగుతున్నాడు. ఒక పిల్ల శవం లేచి పూట గడవలేదు, ఈయన టీలో చక్కెర తక్కువైందని అటెండర్‌ని కేకలేస్తున్నాడు.

"నిన్న సాయంత్రం మీరెప్పుడు వెళ్ళారు?" అన్నాను కూర్చోకుండానే.

"ఆరింటికి. గేటు కెమెరాలో ఉంటుంది, చూసుకోండి. మీరెవరు నన్నడగడానికి?"

"నేనెవరో తర్వాత. ఆ పిల్ల మీతో గొడవపడిందా?"

"గొడవేమిటి? ఆమె నా స్టూడెంటు!" కప్పు ఠపీమని పెట్టాడు. "నేనేదో చేసినట్టు మాట్లాడతారేంటి? ఆ మందు కంపెనీకి నేను సలహాదారునని ఎవరో చెప్పుంటారు. అది తప్పా?"

గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టుంది. కంపెనీ మాట నేనెత్తనే లేదు.

"తప్పని నేనన్నానా? మందు పనిచేసిందని మీరు పొద్దున ఎలా తేల్చారో చూపించండి చాలు."

దానికి మాత్రం హుషారుగా లేచాడు. శవం దొరికిన కంగారులో కూడా పేషెంటు పని ఆగకూడదని తానే కోటు వేసుకుని టెస్టు పూర్తిచేశాడట. పొగిడితే వింటాననే మొహం పెట్టాడు. ల్యాబ్‌లో వెచ్చటి పెట్టెలోంచి అరచేతంత ప్లాస్టిక్ ఫ్లాస్కు తీసి మైక్రోస్కోపు కింద పెట్టాడు.

"ఇందులో ఆ పేషెంటు కణితి కణాలుండేవి. ఆ అమ్మాయి ముందే మందు కలిపి పెట్టింది. ఇప్పుడు చూడండి."

చూశాను. అడుగంతా ఖాళీగా ఉంది.

"బతికున్న కణం ఫ్లాస్కు అడుగుని పట్టుకుని ఉంటుంది," అన్నాడు పాఠం చెబుతున్నట్టు. "చస్తే పట్టు వదిలేసి పైకి తేలుతుంది. పొద్దున చూస్తే అడుగున ఒక్కటీ లేదు, అన్నీ తేలుతున్నాయి. అంటే అన్నీ చచ్చాయి. ఆ మురికినీళ్ళు వంచేసి, ఫ్లాస్కు శుభ్రం చేసి పెట్టాను. నేనీ పనిలోకి వచ్చినప్పటికి మీరింకా స్కూల్లో ఉండుంటారు."

నేను తల తిప్పి ఆయన్ని చూశాను. పొద్దున మెట్ల మీద టైలర్ ముక్కు చీదుకుంటూ చెప్పిన మాటొకటి చెవిలో గింగురుమంది.

"ప్రొఫెసర్‌గారూ, పోయినవారం ఆ అమ్మాయి పేషెంటునీ, వాళ్ళక్కనీ ఇక్కడికి తీసుకొచ్చి ఇదే మైక్రోస్కోపులో చూపించింది. మీకు తెలుసా?"

"పేషెంట్లని ల్యాబ్‌లోకా? ఎవరడిగి..."

"వినండి. వాళ్ళు చూసినప్పుడు ఇంకా మందు కలపలేదు. కణాలు ముద్దలు ముద్దలుగా తేలుతున్నాయి. పేషెంటు ఈత టీచరు కదా, నా తలలోంచి వచ్చినవి, ఈత రాకుండా ఎలా ఉంటాయి అని నవ్విందట. అప్పుడా అమ్మాయి ఏమందో తెలుసా? మూలకణాలు ఇలాగే గుంపు కట్టి తేలుతూ పెరుగుతాయి, అడుక్కి అంటుకునేవి ఉత్త పిల్లకణాలు అంది. ఇప్పుడు చెప్పండి. మందు కలపకముందే తేలుతున్నవి మందు కలిపాక తేలితే చచ్చినట్టెలా అవుతుంది?"

ఆయన మళ్ళీ మైక్రోస్కోపులోకి చూశాడు, అక్కడేదో ఉన్నట్టు. చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"ఆ కొత్త పద్ధతి... మా రోజుల్లో తేలేవన్నీ..."

"మీ మందు పిల్లకణాల్ని చంపింది. మూలకణాల్ని వదిలేసింది. అవి మీ కళ్ళముందు నిక్షేపంలా బతికి తేలుతుంటే మీరు శవాలని పారబోశారు. ఎక్కడ పారబోశారు?"

ఆయన వేలితో సింకు పక్కనున్న పెద్ద సీసా చూపించాడు. బ్లీచింగ్ నీళ్ళు. అందులో పడ్డాక ఇంక ఏదీ బతకదు.

నా అరికాలి మంట నెత్తికెక్కింది. "ఒక్కసారి ఆ పిల్ల రాసిందేదో చదువుకుంటే మీ సొమ్మేం పోయింది? పోనీ ఇంకొకర్ని అడిగితే? తెలియదని చెప్పడానికి నామోషీ అయి, ఒకామె తలలో పనికిరాని మందు పెట్టమని రాసిచ్చారు. ఇంటికెళ్ళి అన్నమెలా తింటారు మీరు?"

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు.

అప్పుడే గుమ్మంలోంచి చప్పట్లు వినిపించాయి. మంగళం. మొత్తం విన్నాడు.

"శభాష్ అక్కా! ప్రమాదం కాదన్నారు, సరే, ఒప్పుకున్నా. హంతకుణ్ణి కూడా మీరే పళ్ళెంలో పెట్టి ఇచ్చారు. కంపెనీ జీతగాడు. మందు పనిచెయ్యదని పిల్ల కనిపెట్టింది. చంపేశాడు, సాక్ష్యం సింకులో పోశాడు. పదండి సార్."

"ఆగు. తెలివున్నవాడెవడైనా సాక్ష్యం నాశనం చేసి, ఎలా చేశాడో నాకు పూసగుచ్చినట్టు చూపిస్తాడా? అసలు తేలేవి బతికున్నవని ఈయనకి తెలిస్తే కదా నాశనం చెయ్యడానికి! ఈయన మూర్ఖుడు. హంతకుడు కాడు. పైగా ఆరింటికి గేటు దాటాడు. ఆ పిల్ల ఏడు దాటాక కూడా కింద టైలర్‌తో మాట్లాడింది."

"గేటు దాటినవాడు మళ్ళీ రాలేడా?"

"కెమెరా చూశావా?"

"చూస్తాం."

"చూశాక బేడీలు వెయ్యి!"

"మీరు పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళక్కా." అతని మొహంలో వెటకారం పోయి కోపమొచ్చింది. "మీరు ఉద్యోగం వదిలేసి వెళ్ళింది కూడా ఈ నోటి దురుసుతోనే. ఇక్కడ ఆఫీసర్ని నేను. నేను అరెస్టంటే అరెస్టే."

"నువ్వు ఆఫీసర్‌వే. పొద్దున ప్రమాదమన్నావ్, ఇప్పుడు ఈయనంటున్నావ్, సాయంత్రానికి నన్నంటావ్. భోజనం చల్లారిపోతోందా?"

అతను బేడీలు తీశాడు. ప్రొఫెసర్ చేతులు చాచేశాడు. ఆ మనిషి మీద నాకింకా కోపం తగ్గలేదు. అయినా అబద్ధపు బేడీలు ఎవరి చేతికి పడ్డా చూడలేను.

"ఒక్క నిమిషం," అన్నాను ఇద్దరి మధ్యకీ వెళ్ళి. "ప్రొఫెసర్‌గారూ, బుర్రపెట్టి ఆలోచించి చెప్పండి. రాత్రి పూట ఆ పిల్ల నైట్రోజన్ గదికి ఎందుకెళ్ళుంటుంది?"

"గడ్డకట్టించడానికే వెళ్తారు. దాచుకోవాల్సిన కణాలుంటే."

"అయితే దాచిందేమో చూడండి!"

ముగ్గురం ఆ గదికి పరిగెత్తాం. తలుపు బార్లా తీసి పెట్టాం. ప్రొఫెసర్ మందపాటి గ్లోవ్స్ వేసుకుని ట్యాంకు మూత ఎత్తాడు. తెల్లటి పొగ నేలకి జారింది. లోపలినుంచి కడ్డీలకి వేలాడే పెట్టెలు ఒక్కొక్కటీ పైకి తీశాడు. మూడో పెట్టె మీది అరలో ఆగిపోయాడు.

"ఇది నిన్నటి తేదీ. ఆ పేషెంటు నంబరే." చిన్న ట్యూబు, చిటికెన వేలంత. ఆయన దాన్ని పొగలోనే ఉంచి లేబులు మళ్ళీ చదివాడు. "బతికే ఉంటాయి. కరిగించి మళ్ళీ పెంచొచ్చు. సరైన మందు వెతకొచ్చు."

నాకు ఊపిరొచ్చింది. ఆ పిల్ల చచ్చిపోయే ముందు కూడా తన పని పూర్తిచేసే వెళ్ళింది. చంపినవాడు ట్యాంకులో చూడలేదు. ఎన్నో వందల ట్యూబుల్లో ఏదని వెతుకుతాడు?

"అంటే ఆపరేషను ఇవాళ ఆపాలి," అన్నాను.

"ఆపాలి," అన్నాడు ప్రొఫెసర్. ట్యూబు తిరిగి ముంచి, మూత పెట్టి, అక్కడే నిలబడిపోయాడు. "ఇంకొకటి కూడా ఉంది. నిన్న నేను పట్టించుకోలేదు. ఆ అమ్మాయి డీఎన్‌ఏ పోల్చే మిషన్ వాడుకుంటానని అడిగింది. ఏమేం పోలుస్తావంటే, కణితిలోని మూలకణాల్నీ, అదే పేషెంటు చెంప లోపలి కణాల్నీ అంది. ఒకే మనిషివి పోల్చడమేమిటి, బుద్ధి లేదా అని తిట్టాను."

"తిడితే ఊరుకుందా?"

"లేదు. చేసింది. సాయంత్రం నేను బయల్దేరుతుంటే వచ్చి, కలవలేదు సార్ అంది. నమూనాలు తారుమారు చేసుంటావు, పో అని కసిరాను."

"కలవలేదంటే?"

"ఆ మూలకణాలు పేషెంటువి కావు." ఆయన తలెత్తాడు. ఇప్పుడే తన నోటి మాట తనకి అర్థమైనట్టు కళ్ళు పెద్దవయ్యాయి. "వేరే మనిషివి."

మంగళం పకపకా నవ్వాడు. "ఒకళ్ళ తలలో ఇంకొకళ్ళ కణితా? మీ ఇద్దరూ కలిసి నాకు కథలు చెప్తున్నారా?"

"నువ్వు నోర్ముయ్," అన్నాను. "ప్రొఫెసర్‌గారూ, అలా జరుగుతుందా?"

"దానంతటది జరగదు. ఎవరైనా ఎక్కిస్తే తప్ప. కొన్ని క్లినిక్కుల్లో మూలకణాల వైద్యమని చేస్తారు, అనుమతి లేకుండా. ఎవరి పిండంలోంచో తీసిన కణాల్ని వెన్నులో ఎక్కిస్తారు. ఆ వెన్నునీరు నేరుగా మెదడు చుట్టూ తిరుగుతుంది. శుభ్రంగా ఏరకుండా ఎక్కిస్తే, ఎక్కడో కుదురుకుని, విభజన ఆగక, ఏళ్ళ తర్వాత..." ఆయన పూర్తి చెయ్యలేదు. "ఆ పిల్ల చెప్పినప్పుడు నేను విని ఉంటే!"

"మీరు వినకపోతే ఇంకెవరికి చెప్పింది?"

"నాకెలా తెలుసు? నేను గదిలోంచి గెంటేశాను."

అక్కడే ఆయన్ని నాలుగు కడిగేద్దామనిపించింది. టైము లేదు. ఇదే ఆ హత్యకి కారణం. మందు కాదు, కంపెనీ కాదు. ఎవడో ఒక మనిషి వెన్నులోకి పరాయి కణాలు ఎక్కించాడు. అవి ఆమె తలలో కణితై కూర్చున్నాయి. ఆ సంగతి కనిపెట్టిన పిల్లని గాలి లేకుండా చంపాడు. వాడెవడో చెప్పగలిగేది ఒక్కతే.

టైలర్‌కి ఫోన్ చేశాను. మంగళం వినాలని స్పీకర్ పెట్టాను. ఎంతసేపటికీ ఎత్తలేదు. రెండోసారికి ఎత్తింది.

"అక్కా, మీకే చేద్దామనుకుంటున్నా..."

"ముందు నేనడిగింది చెప్పు. నిన్న ల్యాబ్ అమ్మాయి నీ చెల్లెలి నోట్లోంచి నమూనా ఏమైనా తీసుకుందా?"

"అవునక్కా, మీకెలా తెలుసు? పొద్దున చెంపలోపల దూదిపుల్లతో రుద్దింది. సాయంత్రం మళ్ళీ వచ్చి, మీ చెల్లెలికి ఎవరైనా కిడ్నీ గానీ ఎముక మజ్జ గానీ ఇచ్చారా అని అడిగింది. అలాంటివేం లేవమ్మా అన్నా."

"మరి ఇంజెక్షన్లు? వెన్నులో ఎప్పుడైనా ఎక్కించారా? కొత్త వైద్యమనో, మూలకణాలనో చెప్పి?"

"ఆఁ, అది నాలుగేళ్ళ కిందటి మాట. డైవ్ చేస్తూ నడుం దెబ్బ తగిలించుకుంది కదా, మళ్ళీ ఈత కొట్టలేనని కుళ్ళి కుళ్ళి ఏడ్చేది. అప్పుడు రెండు ఇంజెక్షన్లు వేశారు. అదీ చెప్పాను నిన్న. ఆ మాట వినగానే ఆ అమ్మాయి మొహం పాలిపోయింది. ఎవరు వేశారని అడిగింది. చెప్పాను. అప్పుడే నా చెయ్యి పట్టుకుంది."

మంగళం చేతిలో బేడీలు అలాగే వేలాడుతున్నాయి. ఇంక నవ్వడం లేదు.

"ఎవరు వేశారమ్మాయ్?"

"ఇంకెవరక్కా, మన సర్జన్‌గారే. సొంత క్లినిక్కుంది ఆయనకి. దేవుడిలాంటి మనిషి, ఒక్క పైసా పుచ్చుకోలేదు. కొత్త వైద్యం కదమ్మా, బయట చెప్పుకోవద్దన్నారు, అందుకే ఎవరితోనూ అనలేదు. తర్వాత ఈ తల జబ్బొస్తే, మళ్ళీ నేనే చూస్తానని ఆయనే తీసుకొచ్చి ఇక్కడ చేర్చారు. ఇవాళ కూడా చూడండి..."

"సంతకం పెట్టావా?"

"తిట్టకండక్కా. ఇందాక దానికి ఫిట్సొచ్చాయి. కళ్ళు తేలేసింది. మధ్యాహ్నం దాకా ఆగితే చెయ్యి దాటిపోతుందన్నారు. మిమ్మల్ని అడుగుదామంటే, ఆ డిటెక్టివమ్మతో పైన నేనే మాట్లాడొచ్చాను, ఆవిడ కూడా సరేనంది అన్నారు. పెట్టేశాను. మత్తు కూడా ఇచ్చేశారంట. వార్డుబాయ్‌ల కోసం కూడా ఆగకుండా స్ట్రెచర్ ఆయనే తోసుకుంటూ లోపలికి తీసుకెళ్ళారు. తలుపులు మూసేశారు."

మంగళం అప్పటికే మెట్ల వైపు పరిగెడుతున్నాడు. నేనూ పరిగెత్తాను. చేతిలో ఫోన్ ఇంకా మాట్లాడుతూనే ఉంది.

"ఏమైందక్కా? నేను తప్పు చెయ్యలేదు కదా? అక్కా, మాట్లాడరేం?"